వంటింటి కప్‌బోర్డులకు రంగు: ఇంటివారికి ముందే చూపించి ఖాయం చేయించుకోవడం ఎలా?

గోడ రంగు నచ్చకపోతే ఇంకో పూత వేయించుకోవచ్చు. కప్‌బోర్డు షట్టర్ల సంగతి అలా ఉండదు. పీయూ (పాలీయూరెథేన్) పెయింటు వేసిన షట్టరుకు రంగు మార్చాలంటే హింజిలు విప్పి కిందికి దించి, పాత పూతను ఎమరీ కాగితంతో గరుకు చేసి, ప్రైమరు నుంచి మళ్లీ మొదలుపెట్టి, దుమ్ము చేరని చోట స్ప్రే చేసి, ఆరబెట్టి, తిరిగి బిగించాలి. ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న వాదన దీనికి అదనం. పెయింటింగ్ కాంట్రాక్టర్లు, చిన్న స్థాయిలో ఇంటీరియర్ పనులు చేయించేవారు ఆ వాదన దాకా పోకుండా ఇంటివారి చేత రంగును ఎలా ఖాయం చేయించుకోవాలో ఇక్కడ అంచెలంచెలుగా వివరిస్తున్నాను. సొంతంగా పని చేయించుకుంటున్న ఇంటివారికి కూడా ఇవే అంచెలు వర్తిస్తాయి.

ఆమోదం ఎప్పుడూ ఒక పలక మీదే జరగాలి. అసలు పనికి వాడబోయే బోర్డు ముక్క మీద, అదే ప్రైమరుతో, అదే పూతతో, అదే మెరుపుతో తయారై, ఆ వంటింట్లోనే నిలబెట్టి చూసిన పలక అది. షేడ్ కార్డు గానీ, ఫోన్‌లో చూపించే బొమ్మ గానీ ఆ పలక దాకా చేరడానికి పనికొచ్చే సాధనాలు మాత్రమే.

వివరణ తేలికగా సాగడానికి ఒక మామూలు వంటింటిని ఊహించుకుందాం. హైదరాబాద్‌లోని ఒక అపార్ట్‌మెంటులో ఆగ్నేయ మూలన ఎల్ ఆకారపు వంటిల్లు, తూర్పున ఒక కిటికీ, నల్ల గెలాక్సీ గ్రానైటు గట్టు, తెల్లని డేడో టైల్స్ (గట్టు పైన గోడకు అతికించేవి), హెచ్‌డీహెచ్‌ఎంఆర్ (తేమను తట్టుకునే, చెక్క పీచుతో గట్టిగా అదిమి చేసిన) బోర్డుతో చేసిన షట్టర్లు, పైన అటక. కింది షట్టర్లకు బూడిద కలిసిన ఆకుపచ్చ, పైవాటికి మీగడ తెలుపు వేయించాలని ఇంటివారి ఆలోచన.

రంగు మాట ఎత్తకముందే తేల్చుకోవలసినవి

మొదటి సమావేశానికి షేడ్ కార్డు తీసుకెళ్లకపోవడమే మంచిది. కార్డు చేతికి అందిందంటే మాటంతా రంగుల మీదికే పోతుంది, అడగవలసిన ప్రశ్నలు మిగిలిపోతాయి.

వంటింట్లో మారనివి ఏవో ముందుగా రాసుకోవాలి. గట్టు, డేడో, నేల టైల్స్, చిమ్నీ, ఫ్రిజ్, గోడ రంగు ఇందులోకి వస్తాయి. కన్ను రంగును ఎప్పుడూ పక్కనున్న వాటితో కలిపే చూస్తుంది. చీమకుర్తి నల్ల గెలాక్సీ గట్టు పక్కన మామూలు తెలుపు కూడా తెల్లగా మెరుస్తుంది. పసుపు ఛాయ ఉన్న గోడ పక్కన పెడితే బూడిద రంగు నీలంగా కనిపిస్తుంది. గట్టు రాయి ఇంకా బిగించకపోతే ఆ రాయి ముక్కొకటి తెప్పించేదాకా రంగు చర్చను వాయిదా వేయవచ్చు, అందులో పోయేదేమీ లేదు.

తరువాత చూడవలసింది వెలుతురు. తూర్పు కిటికీ ఉన్న వంటింట్లో పొద్దుటి ఎండ నేరుగా, కాస్త పసుపుగా పడుతుంది. మధ్యాహ్నం దాటాక వచ్చేది ఆకాశపు వెలుగు మాత్రమే, అది నీలం వైపు మొగ్గి ఉంటుంది. అపార్ట్‌మెంట్లలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఎదుటి భవనం గోడకు ఇటుక రంగు వేసి ఉంటే ఆ ఛాయే కిటికీలోంచి లోపలికి వచ్చి షట్టర్ల మీద పడుతుంది. రాత్రి దీపాల విషయానికి వస్తే, మన వంటిళ్లలో తరచుగా కనిపించే తెల్లని ట్యూబులు 6500 కెల్విన్ రకం, ఇప్పుడు ఫాల్స్ సీలింగులో పెడుతున్నవి 3000 గానీ 4000 గానీ ఉంటాయి. కెల్విన్ అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపుగా మారుతుంది. బల్బు పెట్టె మీద సీఆర్‌ఐ అనే అంకె కూడా ఉంటుంది, ఆ వెలుగులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో అది చెబుతుంది. అది 90కి పైన ఉంటే రంగులు పగటి వెలుగులో కనిపించినట్టే దాదాపుగా కనిపిస్తాయి, 80 దగ్గర ఉంటే ఎరుపులూ చెక్క రంగులూ కొంత చచ్చినట్టు ఉంటాయి. దీపాలు మార్చే ఉద్దేశం ఇంటివారికి ఉంటే అవి మార్చాకే రంగు ఎంచుకోవాలి. ఈ క్రమం తలకిందులైన ఇళ్లలో, పెయింటరు తప్పేమీ లేకుండానే, రంగు మారిపోయిందన్న ఫిర్యాదు వస్తుంది.

ఇక మనుషులు. ఆ ఇంట్లో చివరి మాట ఎవరిదో మర్యాదగా, నేరుగా అడిగి తెలుసుకోవాలి. “మేడమ్, పలక చూసేటప్పుడు ఇంట్లో ఇంకెవరెవరు ఉండాలి?” అని అడిగితే నొచ్చుకునేవారు ఉండరు. రోజూ వంట చేసే మనిషి ఆ సమయంలో తప్పక ఉండాలి. వాస్తు పట్టింపు ఉందా లేదా అన్నది కూడా అప్పుడే అడగాలి. ఆగ్నేయం అగ్నిస్థానం కాబట్టి అక్కడ నలుపు, నీలం వద్దనేవారు ఉంటారు. వారితో వాదించడం కాంట్రాక్టరు పని కాదు. ఆ రంగులను మొదట్లోనే జాబితా నుంచి తీసేస్తే సరిపోతుంది. పలక తయారయ్యాక ఈ మాట బయటపడితే శ్రమంతా వృథా అవుతుంది. గృహప్రవేశం ముహూర్తం ఎప్పుడో కూడా రాసుకోవాలి. పలకకు, దాన్ని చూడటానికి, మార్పులకు కలిపి కనీసం పది రోజులు ముహూర్తానికి ముందు లెక్కలో ఉండాలి.

చివరగా ఏ పూత వేయబోతున్నారో తేల్చాలి. పీయూ, డ్యూకో (త్వరగా ఆరే లక్క రకం పూత), మామూలు ఎనామిల్ అనే ఈ మూడింటిలో ఒకే షేడు మూడు రకాలుగా కనిపిస్తుంది, మూడు రకాలుగా పాతబడుతుంది. ఆయిల్ ఎనామిల్ తెలుపు వెలుగు తగలని చోట, అంటే కప్‌బోర్డు లోపలి భాగాల్లో, కాలక్రమాన పసుపెక్కుతుంది. పీయూలో సైతం హార్డ్‌నర్ (పూత గట్టిపడటానికి రంగులో కలిపే ద్రవం) అరోమాటిక్ రకమైతే తెలుపు పసుపెక్కుతుంది, అలిఫాటిక్ రకమైతే నిలుస్తుంది. తెలుపు, మీగడ, లేత బూడిద రంగులు కోరుకునేవారికి ‘నాన్ యెల్లోయింగ్’ అని డబ్బా మీద రాసి ఉన్న రకాన్నే చూపించాలి. ఈరోజు ఆమోదించిన రంగు రెండేళ్ల తర్వాత కూడా అదే రంగుగా ఉండాలంటే ఈ నిర్ణయం పలక కంటే ముందే జరగాలి.

జాబితాను మూడు షేడ్లకు దించడం

షేడ్ కార్డు రెండో సమావేశంలో తెరవాలి. రంగుల పేర్లతో మాట్లాడటం మానేసి కోడ్‌తోనే మాట్లాడే అలవాటు చేసుకోవాలి, ఎందుకంటే ‘ఐవరీ’ అన్న పేరుతో ఒక్కో కంపెనీ ఒక్కో రంగు అమ్ముతుంది. చెక్క పూతల దుకాణాల్లో జర్మన్ రాల్ కోడ్లు కూడా చెల్లుతాయి. ఉదాహరణకు రాల్ 9010, రాల్ 9016 రెండూ తెలుపులే. మొదటిది వెచ్చగా, రెండోది చల్లగా ఉంటుంది. విడివిడిగా చూస్తే ఆ తేడాను చాలామంది గుర్తుపట్టలేరు, పక్కపక్కన పెడితే వెంటనే కనిపిస్తుంది.

లోపలి ఛాయను ఇంటివారికి చూపించడానికి ఒక తెల్ల కాగితం చాలు. బూడిద ఆకుపచ్చ షేడును ఆ కాగితం మీద పెడితే, అది నీలం వైపు మొగ్గిందో, పసుపు వైపు మొగ్గిందో తేలిపోతుంది. తరువాత అదే షేడును గట్టు రాయి మీద, టైలు మీద ఆనించి చూపించాలి. కార్డులో చుట్టూ ఉన్న తెల్ల అంచు కన్నును మోసం చేస్తుంది కాబట్టి, ఆ అంచును కాగితంతో కప్పి చూడటం మంచిది.

కొన్ని కంపెనీలు షేడు పక్కనే ఎల్‌ఆర్‌వీ అంకె ఇస్తాయి. పడిన వెలుగులో ఎంత తిరిగి వస్తుందో అది చెబుతుంది, నలుపు 0 అయితే తెలుపు 100. కిటికీ చిన్నదైన వంటింట్లో కింది షట్టర్లకు 20 లోపు ఉన్న షేడు ఎంచుకుంటే గట్టు నీడలో అది దాదాపు నలుపులాగే కనిపిస్తుందని ముందుగా హెచ్చరించాలి.

మూడు షేడ్లు మిగిలాక ఆపేయాలి. అయిదో ఆరో చూపిస్తే ఇంటివారు ఎంచుకోలేరు. ఒకటే చూపిస్తే మనం అంటగట్టినట్టు ఉంటుంది. ఆ మూడింటిలో ఒకటి ఇంటివారు మొదట కోరిన రంగు, రెండోది దానికంటే ఒక మెట్టు లేతది, మూడోది లోపలి ఛాయలో వేరైనది అయితే పోల్చుకోవడం సులువు. చిన్న చీటీ మీద నచ్చిన రంగు షట్టర్ల విస్తీర్ణానికి పెరిగినప్పుడు మరింత గాఢంగా తోస్తుంది. అందుకే ఒక మెట్టు లేత షేడు జాబితాలో ఉండి తీరాలని నా అభిప్రాయం.

తెర మీది బొమ్మ ఎంతవరకు పనికొస్తుంది

పెయింటు కంపెనీల యాప్‌లలో ఫొటో పెట్టి రంగు మార్చి చూసే సదుపాయం ఉంది. డిజైనర్లు త్రీడీ బొమ్మలు తయారుచేయిస్తారు. కిందా పైనా రెండు రంగులా, ఒకటేనా, అటకకు గోడ రంగు వేస్తే ఎలా ఉంటుంది, హ్యాండిళ్లు నలుపా ఇత్తడా వంటి అమరిక ప్రశ్నలకు ఇవి చక్కగా జవాబిస్తాయి. షేడు ఎంత పచ్చగా, ఎంత బూడిదగా ఉందన్న ప్రశ్నకు మాత్రం వాటి జవాబును నమ్మలేం. ఫోన్ కెమెరా తెలుపును తనంత తానే సర్దుకుంటుంది, తెర వెలుగు ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా ఉంటుంది, రాత్రిపూట కళ్లకు శ్రమ తగ్గించే పసుపు ఫిల్టరు పెట్టుకునేవారికి ప్రతి తెలుపూ మీగడలాగే కనిపిస్తుంది.

బొమ్మ చేసేటప్పుడు ఈ జాగ్రత్తలు చాలు. దీపాలన్నీ ఆపేసి, పగటి వెలుగులో, కిటికీకి వీపు పెట్టి, ఛాతీ ఎత్తులో ఫోన్ నిలిపి ఫొటో తీయాలి. గట్టు మీద ఒక తెల్ల కాగితం ఉంచితే తరువాత రంగు సరిచేసుకోవడానికి ఆధారం దొరుకుతుంది. పగటి వెలుగూ ట్యూబు వెలుగూ కలిసిన ఫొటోను ఏ యాప్ కూడా సరిగ్గా సవరించలేదు. ఆ బొమ్మను వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపకుండా డాక్యుమెంటుగా పంపాలి. దాని మీద ‘అమరిక కోసం మాత్రమే, రంగు ఆమోదానికి కాదు’ అని పెద్ద అక్షరాలతో రాసి పంపడం అతి జాగ్రత్తలా అనిపించవచ్చు గానీ, ఆ ఒక్క వాక్యం తరువాత ఎన్నో మాటలను ఆదా చేస్తుంది.

నమూనా పలక తయారీ

ఇక్కడ తొందరపడితే మిగతా జాగ్రత్తలన్నీ వ్యర్థం. పలక కనీసం అడుగు వెడల్పు, అడుగున్నర పొడవు ఉండాలి. వీలైతే ఒక చిన్న డ్రాయరు ముఖాన్నే పలకగా వాడటం ఇంకా మంచిది. షట్టర్లు ఏ బోర్డువైతే పలకా అదే బోర్డుది కావాలి. హెచ్‌డీహెచ్‌ఎంఆర్ మీద నునుపుగా కూర్చున్న పూత, ప్లైవుడ్ మీద వెనీరు గీతలను కాస్త బయటపెడుతుంది. పాత టేకు షట్టర్ల మీద లేత రంగు వేస్తే, చెక్కలోని టానిన్ అనే సహజ పదార్థం పైకి ఊరి పసుపు మచ్చలు వస్తాయి కాబట్టి మరక ఆపే సీలరు అవసరమవుతుంది. పాత సన్‌మైకా షట్టర్లకు రంగు వేస్తున్నట్లయితే, పలకకూ సన్‌మైకా అతికించి, గరుకు చేసి, పట్టు ఇచ్చే ప్రైమరు వేసే మొదలుపెట్టాలి.

లప్పం, ప్రైమరు, రంగు, పైపూత ఎన్నెన్ని చేతులు (పూతలు) వేయబోతున్నారో పలకకూ అన్నే వేయాలి. ప్రకాశవంతమైన ఎరుపులకూ పసుపులకూ కప్పే శక్తి తక్కువ. అడుగున తెలుపు ప్రైమరు ఉందా, బూడిద ప్రైమరు ఉందా అన్నదాన్ని బట్టి పై రంగు మారుతుంది. షట్టర్లకు స్ప్రే గన్ వాడేటప్పుడు పలకను బ్రష్షుతో పూయకూడదు. బ్రష్షు గీతల మీద వెలుగు చెదిరి, రంగు వేరుగా కనిపిస్తుంది.

మెరుపు గురించి ఎక్కువ మంది కాంట్రాక్టర్లు పట్టించుకోరు. ఒకే షేడు గ్లాసీలో, అంటే నిగనిగలాడే పూతలో, ముదురుగా, లోతుగా కనిపిస్తుంది, మ్యాట్‌లో, అంటే మెరుపు లేని పూతలో, కొంత లేతగా, పొడిగా కనిపిస్తుంది. పైగా ‘మ్యాట్’ అన్న మాట ఒక్కో కంపెనీలో ఒక్కో స్థాయిని సూచిస్తుంది. అందుకే మాటను వదిలి, డబ్బా మీదున్న మెరుపు శాతాన్నో మెరుపును కొలిచే ‘గ్లాస్ యూనిట్ల’నో రాసుకోవాలి. ఇంటివారు రంగు మీద నిర్ణయానికి వచ్చి మెరుపు మీద తటపటాయిస్తుంటే, ఒకే పలకను మధ్యలో టేపు వేసి సగం సాటిన్ (మధ్యస్థ మెరుపు), సగం మ్యాట్ చేసి చూపించవచ్చు.

పూత తాకితే అంటకపోవడం వేరు, పూర్తిగా గట్టిపడటం వేరు. పీయూ ఒక రాత్రిలో చేతికి అంటకుండా ఆరుతుంది గానీ, పూర్తి గట్టిదనం రావడానికి దాదాపు వారం పడుతుంది. తడి రంగును చూపించి సరేననిపించుకోవడం అసలు పనికిరాదు. కనీసం ఒక రోజు ఆరాకే పలకను ఇంటికి తీసుకెళ్లాలి. విశాఖపట్నం, కాకినాడ వంటి తీర పట్టణాల్లో వానాకాలం గాలి తేమకు డ్యూకో పూత మీద తెల్లని పొగమంచులాంటి పొర రావచ్చు. అలాంటి రోజు చేసిన పలకను చూపించకుండా పక్కనపెట్టి, పొడి రోజున మళ్లీ చేయాలి.

పలకను ఎలా, ఎక్కడ, ఎప్పుడు చూపించాలి

పలకను గట్టు మీద పడుకోబెట్టి చూపిస్తే సీలింగు వెలుగంతా దాని మీదే పడి, అసలుకంటే లేతగా కనిపిస్తుంది. షట్టరు నిలువుగా ఉంటుంది కాబట్టి పలకనూ నిలువుగానే ఆనించాలి. కింది షట్టర్ల రంగును సింకు కింద, గట్టు అంచు నీడ పడేచోట చూడాలి. పైవాటి రంగును తల ఎత్తులో చూడాలి. పై అల్మారాల అడుగున ప్రొఫైల్ లైటు (సన్నని పట్టీ దీపం) ఉంటే దాన్ని వెలిగించీ ఆర్పీ చూపించాలి.

ఉదయం ఎండ పడేటప్పుడు, మధ్యాహ్నం దీపాలు లేకుండా, రాత్రి దీపాలు వేసి, ఇలా మూడు వేళల్లో చూడవలసిందే. ఒక వెలుగులో ఒకేలా కనిపించిన రెండు రంగులు ఇంకో వెలుగులో విడిపోవడం రంగు పదార్థాల స్వభావం. దీనినే మెటామెరిజమ్ అంటారు. పగలు టైలుతో కలిసిపోయిన మీగడ తెలుపు రాత్రి ట్యూబు కింద ఆకుపచ్చగా తేలవచ్చు. మూడు వేళలూ కాంట్రాక్టరు అక్కడే ఉండనక్కర్లేదు, ఉండకపోవడమే మేలు కూడా. పలకలను రెండు మూడు రోజులు ఇంట్లో వదిలేసి, ఏ వేళ ఏది నచ్చిందో రాసిపెట్టమని చెబితే, మొహమాటం లేని జవాబు వస్తుంది.

తెలుగువారి వంటింటికి ఇంకో పరీక్ష ఉంది. పలక వారం పాటు గట్టిపడ్డాక, నూనెలో కలిపిన పసుపును ఒక మూల రాసి, గంట తరువాత సబ్బు నీటితో తుడవమని ఇంటివారికే చెప్పాలి. పక్కన చింతపండు పులుసు చుక్క, కాగిన పోపు నూనె చల్లారాక ఒక చుక్క వేయవచ్చు. లేత రంగు మ్యాట్ మీద పసుపు ఛాయ మిగిలిపోవడం, గ్లాసీ మీద సులువుగా పోవడం వారే చూస్తారు. పసుపులోని కర్క్యుమిన్ ఎండకు విరిగిపోతుంది కాబట్టి, కిటికీ దగ్గరి మరక కొన్ని రోజుల్లో వెలిసిపోవచ్చు, పొయ్యి పక్క నీడలోని మరక మాత్రం ఉండిపోతుంది. ఈ పరీక్ష తరువాత పొయ్యి చుట్టూ ఉన్న షట్టర్లకు సాటినో గ్లాసీనో వేయించుకుని, మిగతా వాటికి మ్యాట్ ఉంచుకుందామని అడిగేవారు ఉంటారు. మెరుపు తేడా ఉన్న షట్టర్లు పక్కపక్కన ఉంటే రంగే తేడాగా తోస్తుంది. కాబట్టి కింది వరుస అంతా ఒకటి, పై వరుస అంతా ఒకటి చేయమని సలహా ఇవ్వడం సబబు.

సంతకం, దాని కింద ఉండవలసిన వివరాలు

నచ్చిన పలకను రెండుగా కోయించి, రెండు ముక్కల వెనకా ఇరువురూ తేదీ వేసి సంతకం చేయాలి. ఒకటి ఇంటివారి దగ్గర, ఒకటి పెయింటరు దగ్గర ఉండాలి. పలకతో పాటు ఒక పేజీ కాగితం కూడా కావాలి. కంపెనీ, ఉత్పత్తి పేరు, షేడు కోడ్, మెరుపు అంకె, హార్డ్‌నర్ రకం, బోర్డు రకం, చేతుల సంఖ్య అందులో ఉంటాయి. వీటికంటే ఎక్కువ గొడవలు తెచ్చేవి రాయకుండా వదిలేసిన భాగాలు. షట్టరు వెనకవైపు ఏ రంగు, అల్మారా లోపల ఏది, అంచులకు ఏది, అటక తలుపులకు ఏది, కింద పాదం పట్టీకి ఏది, ఫ్రిజ్ పక్కన కనిపించే ప్యానెలుకు ఏది అన్నవి ఒక్కొక్కటిగా రాయించాలి. స్ప్రే మొదలైన తరువాత రంగు మారిస్తే అయ్యే ఖర్చు ఎవరిదో కూడా అదే పేజీలో, అదే రోజు రాసుకోవాలి. మాట మంచిగా ఉన్న రోజే ఈ వాక్యం రాయడం సులువు.

ఇల్లు హైదరాబాద్‌లో, యజమాని డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న సందర్భాలు ఇప్పుడు చాలా ఉన్నాయి. వీడియో కాల్‌లో పలకను చూపించి ఆమోదం తీసుకోవడం ఫొటో మీద తీసుకోవడంతో సమానమే. రెండు దారులు ఉన్నాయి. ఇక్కడున్న తల్లిదండ్రులకో తోబుట్టువులకో రంగు విషయంలో పూర్తి అధికారం ఇస్తున్నట్టు యజమాని మెయిల్‌లో రాసి పంపాలి. లేదంటే అరచేతి వెడల్పు పలక ముక్కలను, గట్టు రాయి సన్నని ముక్కతో కలిపి, కొరియరులో అక్కడికి పంపాలి. రెండో దారిలో, చూసే గదిలోని దీపాలు ఇక్కడి దీపాల కెల్విన్ రకమే కావాలని చెప్పడం మరవకూడదు.

ఆమోదం తరువాత, స్ప్రేకు ముందు

మొత్తం పనికి కావలసిన రంగును ఒకేసారి, ఒకే టింటింగ్ మెషీన్‌లో (దుకాణంలో కోడ్ ప్రకారం రంగు కలిపే యంత్రంలో) కలిపించాలి. విడివిడి డబ్బాలు వచ్చినా వాటన్నిటినీ ఒక పెద్ద బకెట్లో పోసి కలిపాకే వాడాలి. హార్డ్‌నర్‌ను మాత్రం ఆ పూటకు సరిపడేంత రంగులోనే కలపాలి. రంగుల తేడాను స్పెక్ట్రోఫోటోమీటరు, అంటే రంగును కొలిచే యంత్రం, డెల్టా ఈ అనే అంకెలో చెబుతుంది. 1 లోపు తేడా మామూలు కంటికి దాదాపు అందదు, 2 దాటితే పక్కపక్కన ఉన్న షట్టర్లలో తెలియడం మొదలవుతుంది. పెద్ద దుకాణాల్లో ఆ యంత్రం ఉంటే సంతకం చేసిన పలకతో కొత్త డబ్బా రంగును పోల్చి చూడమని అడగవచ్చు. లేకపోతే కొత్త రంగుతో ఒక్క షట్టరు వేసి, ఆరాక పలక పక్కన పెట్టి పగటి వెలుగులో ఇంటివారికి చూపించాలి. ఆ షట్టరుకు వారు సరేనన్నాకే మిగతావి గన్ ముందుకు రావాలి.

పని ముగిశాక మిగిలిన రంగులో, హార్డ్‌నర్ కలపనిది, పావు లీటరైనా గట్టి మూత ఉన్న డబ్బాలో పోసి, షేడు కోడ్, బ్యాచ్ నంబరు, తేదీ రాసి ఇంటివారికి అప్పగించాలి. హార్డ్‌నర్ డబ్బా ఒకసారి తెరిచాక గాలి తేమకు పాడవుతుంది కాబట్టి, గీతలు సరిదిద్దవలసి వచ్చినప్పుడు అదే రకం కొత్తది కొనుక్కోవాలని ఆ డబ్బా మీదే రాసిపెట్టాలి.